తొమ్మిదో ఫారం

ముందుగా నా అక్షరాల గురించి చెప్పుకోవాలి. ఒత్తులు ఉండాల్సిన చోట ఉండకపోవచ్చు, అక్కర్లేని చోట ఉండొచ్చు. దీర్ఘాలూ అంతే. చదవడం వచ్చి ఎక్కువ కాలం కాలేదు, రాయడం ఇంకా వెనకాల వచ్చింది. ఒక పేజీ రాయడానికి నాకు పట్టేంత సేపట్లో మీరు మొత్తం చదివేసి లేచి వెళ్ళిపోతారు. విసుక్కోకండి. ఇంకో మాట. "నేను" అని రాయబోతే కలం కదలడం లేదు. నేను చదివిన నవలల్లో "ఆమె" అని రాస్తారు. అలా అయితే ఎవరి గురించైనా ఏదైనా రాసేయొచ్చు. నేనూ అలాగే రాస్తాను. ఆమె అంటే నేనే.

*

బైండింగు షాపులో మడతల బల్ల కిటికీ పక్కన ఉంటుంది. ప్రెస్సు నుంచి వచ్చిన పెద్ద షీట్లు దొంతరగా ఎడమ పక్కన పెట్టుకోవాలి. ఒక షీటు ముందుకి లాగి, వెలుతురుకి పట్టి, పేజీ నంబరు మీద పేజీ నంబరు పడేలా మడిచి, చెక్కబద్దతో మడత మీద నొక్కి లాగాలి. మూడు మడతలు వేస్తే పదహారు పేజీల ఫారం తయారు. కుడి పక్కన పెట్టి ఇంకో షీటు లాగాలి. బల్ల చుట్టూ ఆడవాళ్ళు, ఒక్కొక్కరికి ఒక్కో ఫారం. పుస్తకం మొదలైతే అయ్యేదాకా ఎవరి ఫారం వాళ్ళదే. అందువల్ల ఆ బల్ల దగ్గర ఏ కథా ఎవరికీ పూర్తిగా తెలీదు. మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు వరసగా చెప్పుకుని అతికించుకుంటారు.

"నా దగ్గర సేనాపతి అడవిలో దాక్కున్నాడు. నీ దగ్గరికి వచ్చాడా?" అంది నాలుగో ఫారం మడిచే మనిషి.

"వచ్చాడు. వచ్చి స్నానం చేస్తున్నాడు. సగం ఫారం స్నానమే."

"అంతసేపు ఏం రుద్దుకుంటున్నాడే?"

"వాడేం రుద్దుకోవడం లేదు. చెట్టు చాటు నుంచి రాకుమారి చూస్తోంది. ఆవిడ చూడ్డం అయితే గానీ వీడు బయటికి రాడు."

ఆమె వింటూ తింటుంది. అక్కడ ఆమెని నిదానం అంటారు. చిన్నవాళ్ళు నిదానం అత్త అంటారు. ఎదురుగా కూర్చునే అమ్మాయిని చిలక అంటారు, ఎందుకో చెప్పక్కర్లేదు. ఆమెకి అక్షరాలు నేర్పింది చిలకే. బల్లకి అవతల నుంచి, తన షీటు మీది అక్షరాలని చెక్కబద్ద కొసతో చూపిస్తూ నేర్పింది. అవి చిలకకి తిన్నగా, ఆమెకి తలకిందులుగా ఉండేవి. ఆమె తలకిందులవే నేర్చుకుంది. ఇంట్లో గోడ మీది క్యాలెండరు చదవబోతే ఒక్క అక్షరమూ పోల్చుకోలేకపోయింది. చివరికి క్యాలెండరు మేకు నుంచి దించి తిప్పి పట్టుకుంటే అన్నీ కనిపించాయి. ఇప్పుడు ఎటునుంచైనా చదవగలదు. మడతల బల్ల దగ్గర అది పనికొచ్చే విద్యే. విప్పిన షీటు మీద సగం పేజీలు తలకిందులుగానే ఉంటాయి.

షీటు తిరగేసి చూడాలని మాత్రం మొదట్లో ఎవరూ చెప్పలేదు. విప్పిన షీటు మీద ఒకటో పేజీ ఉన్న వైపు రెండో పేజీ ఉండదు. నాలుగు ఉంటుంది, తర్వాత ఐదు, ఎనిమిది. రెండూ మూడూ వెనకవైపు ఉంటాయి. మొట్టమొదటి ప్రేమ నవలని ఆమె ఒక వైపే చదివింది. రాకుమారి తోటలో పూలు కోస్తుంటే ఎవరో గోడ దూకి వచ్చారు. వెంటనే ఇద్దరూ గుర్రం మీద ఉన్నారు. వెంటనే గుర్రం చచ్చిపోయింది. ప్రేమ అంటే ఇంత తొందర వ్యవహారం కాబోలు అనుకుంది. చిలక షీటు తిరగేసి చూపించాక, మధ్యలో వాళ్ళు మాట్లాడుకున్నారని తెలిసింది. తెలిశాక కథ కొంచెం చప్పబడింది.

షీటుకో వాక్యం, అదీ ఆమె పద్ధతి. ఒకరి దగ్గరున్న షీట్లన్నీ ఒకటే కనక, ఈ షీటు మీద ఒక వాక్యం చదివి మడిచేస్తే తర్వాతి వాక్యం తర్వాతి షీటు మీద ఉంటుంది. చెయ్యి ఆగదు, కథా ఆగదు. సాయంత్రానికి రెండు పేజీలు అవుతాయి. భర్త పోయినప్పటి నుంచి ఆమె రోజులు ఇలా వాక్యాల మీద నడుస్తున్నాయి. ఒకటి అయితే ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. అంతకంటే ఆమెకి ఏమీ అక్కర్లేదు.

ఈ మధ్య చదివినవాటిలో నచ్చింది నీళ్ళ పంపు ఎలా పనిచేస్తుందో చెప్పే పుస్తకం. అందులో ఎవరూ మూర్ఛపోలేదు. నీళ్ళు కింద నుంచి పైకి వచ్చాయి, ఎందుకు వచ్చాయో చెప్పారు, అయిపోయింది. కోళ్ళ పెంపకం మీద ఒకటి వచ్చింది. జబ్బు చేసిన కోడిని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయాలని అందులో ఉంది. ఆ వాక్యాన్ని రెండు షీట్ల మీద చదివింది. తర్వాత ఒక హత్య నవల. ఆమెకి వచ్చిన ఫారంలో హత్యా లేదు, హంతకుడూ లేడు. ఇన్‌స్పెక్టరు ఒకడు టీ తాగుతూ ఆలోచిస్తూనే ఉన్నాడు. అదీ బాగానే ఉంది.

రాజుల కాలం ప్రేమ నవలలు మాత్రం వస్తూనే ఉంటాయి. అన్నీ ఒక్కాయనే రాస్తాడు. షాపులో ఆయన్ని నవలాయన అంటారు. ఈసారి నవలలో ఆమెకి పడింది తొమ్మిదో ఫారం. యుద్ధంలో రాజు పోతాడు, ఆ కబురు రాణికి తెలుస్తుంది. కబురు విని రాణి కెవ్వున అరిచి నేల మీద పడింది. చెలికత్తెలు పన్నీరు చల్లితే లేచింది. లేచి, సింహాసనం చూసి మళ్ళీ పడింది. ఆ తర్వాత రాజుగారి కత్తి తెచ్చారు, దాన్ని చూసి పడింది. గుర్రం ఒంటరిగా తిరిగొచ్చింది, దాని మెడ కౌగిలించుకుని ఏడ్చి, అక్కడా పడింది. ఆమె ఒక్కో షీటుకి ఒక్కో వాక్యం చదువుతూ, ఒక్కోసారి పడేస్తూ, ఒక్కోసారి లేపుతూ మడుస్తూ పోయింది.

ఎదుటి నుంచి చిలక తన పని వదిలేసి తలకిందుల వరసలో చదువుతోంది. చూస్తూండగానే చిలక కన్నీటి బొట్టు టప్పున షీటు మీద పడింది. ఇంకు పాకింది. మేస్త్రి చూడకముందే ఆమె ఆ షీటు తీసి అడుగున పెట్టేసింది.

"నీకు రాలేదా అత్తా?"

"ఏమిటి?"

"ఏడుపు."

ఆమె చెక్కబద్ద ఆపి ఆలోచించింది. "షీటుకో వాక్యమేగా. వచ్చేలోపు మడిచేస్తాను," అంది.

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆమె నవ్వించడానికి అనలేదు.

*

ఇంకు పాకిన ఆ షీటుని సాయంత్రం ఇంటికి తెచ్చింది. పాడైన షీట్లు అలమరలో పరుచుకోవడానికి తెచ్చుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఇల్లంటే మేడ మీద రెండు గదులు. ఒక గదిలో ఆమె, ఇంకో గదిలో ఆడపడుచు. ఆడపడుచు ఆసుపత్రి క్యాంటీన్‌లో టీ కాస్తుంది. గొంతు పెద్దది, మనసులో ఏదీ దాగదు. అన్న పోయినప్పుడు వీధి చివరిదాకా వినిపించేలా ఏడ్చింది. ఇప్పటికీ అన్న చెప్పుల జత చూసినా, అన్న తాళాలు బాగుచేసే పెట్టె చూసినా ఏడుస్తుంది. ఏడ్చి, ముక్కు చీది, లేచి వంట చేస్తుంది.

"ఏంటి వదినా ఆ కాగితం?"

"రాణి కథ."

"చదువు మరి. రోజూ చదువుతాను చదువుతాను అంటావు, నా చెవిన ఒక్క ముక్క పడలేదు."

ఆమె షీటు మంచం మీద పరిచింది. చిన్న అక్షరాలు దూరం నుంచి కనపడవు కనక, ఒక పేజీ కోసం ఇటు, ఇంకో పేజీ కోసం అటు, తర్వాత తిరగేసి, మంచం చుట్టూ తిరుగుతూ చదివింది. ఆడపడుచు మొదట్లో ఆ తిరగడం చూసి నవ్వింది. గుర్రం తిరిగొచ్చే చోటికి వచ్చేసరికి కొంగు నోట్లో కుక్కుకుంది. రాణి దాని మెడ పట్టుకునేసరికి భోరుమంది.

ఆమె వాక్యం పూర్తి చేసి ఆగింది. ఆడపడుచు ఏడుపు కాస్త తగ్గాక తర్వాతి వాక్యం చదివింది.

ఆడపడుచు మొహం తుడుచుకుంటూ ఆమె కళ్ళ వంక చూసింది. దగ్గరికి వంగి మరీ చూసింది. "ఒక్క చుక్క లేదు," అంది. అది తిట్టులా అనలేదు. డబ్బా అడుగు చూసి బియ్యం లేవని చెప్పినట్టు అంది. "సరేలే. అన్నం పెట్టుకుందాం."

*

నవలాయన ఒకరోజు షాపుకి వచ్చాడు. మామూలుగా ఆయన ప్రెస్సు దాకానే వచ్చేవాడట. ఈసారి తన పుస్తకం ఎలా తయారవుతుందో చూడాలనిపించిందట. పొట్టిగా, తెల్లగా నెరిసిన జుట్టుతో, బడి మాస్టారిలా ఉన్నాడు. ఇన్ని గుర్రాలని పరిగెత్తించిన మనిషిలా లేడు. మేస్త్రి ఆయన వెనకాలే చేతులు కట్టుకుని నడిచాడు.

"మీ తొమ్మిదో ఫారం మావాళ్ళు మడవలేక మడిచారండీ," అన్నాడు మేస్త్రి. "కన్నీళ్ళు పడి షీట్లు కూడా కొన్ని పాడయ్యాయి."

నవలాయన మొహం వెలిగింది. "ఏదీ, తొమ్మిదో ఫారం ఎవరిది?"

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె చేతిలో షీటు సగం మడతలో ఉంది.

"ఏడ్చారా అమ్మా?"

"లేదండీ."

మేస్త్రి దగ్గాడు. చిలక బల్ల కింద నుంచి కాలితో తన్నింది.

"రాణి బాధ మీకు తగల్లేదా?" ఆయన గొంతులో కోపం లేదు. నిజంగా అడిగినట్టే అడిగాడు.

"ఆవిడకి తగిలిందండీ. అన్నిసార్లు పడింది కదా, రాతి నేల మీద."

ఎవరో ముక్కులోంచి నవ్వి ఆపుకున్నారు. ఆమె మాత్రం ఉన్నదే చెప్పింది. చదువుతున్నంతసేపూ ఆమెకి రాణి మోకాళ్ళ గురించే ఆలోచన వచ్చింది.

నవలాయన కాసేపు ఆమె చేతుల వంకే చూశాడు. "మరి అలాంటప్పుడు మనిషి ఎలా ఉంటుందంటారు?"

ఆమె చెప్పడానికి ప్రయత్నించింది. నోరు తెరిచింది కూడా. లోపల వెతికితే ఏమీ దొరకలేదు, కడిగిన గిన్నెలా ఉంది. "తెలీదండీ," అంది.

"ఆలోచించి చెప్పండి. కాపీల మీద సంతకాలు పెట్టడానికి మళ్ళీ వస్తాను," అని ఆయన పక్క బల్ల వైపు వెళ్ళాడు.

ఆయన గేటు దాటేదాకా మేస్త్రి ఆగాడు. ఆ తర్వాత వచ్చి బల్ల మీద అరచెయ్యి వేశాడు.

"ఆయన నవలలు ఆగిపోతే ఈ బల్ల ఆగిపోతుంది, తెలుసా నీకు? ఒక్క అవునండీ అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

ఆమె చేతిలో సగం మడతలో ఉన్న షీటుని పూర్తిగా మడిచింది.

"చదువొచ్చింది కదాని నోరు కూడా వచ్చింది. రేపట్నుంచి జిగురు గదిలో కూర్చో. అక్కడ చదివే పనీ లేదు, చెప్పే పనీ లేదు."

*

జిగురు గది వెనక ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి పుస్తకం కుట్టేసి ఉంటుంది. ఒకదాని మీద ఒకటి పేర్చి, చెక్కల మధ్య బిగించి, వీపుల మీద బ్రష్షుతో జిగురు పట్టించాలి. ఆరబెట్టాలి, ఇంకో పట్టు వేయాలి. కనిపించేది కాగితం అంచులూ దారం కుట్లే. ఒక్క అక్షరం కనిపించదు. పుస్తకాలన్నీ వీపు చూపించి పడుకుంటాయి.

మొదటి రోజు పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆమె బ్రష్షు ముంచి తీసింది. గది కష్టం కాదు. వాసన కూడా కాసేపటికి అలవాటైంది. వాక్యాలు లేకపోవడమే అలవాటు కాలేదు. బల్ల దగ్గర ఒక వాక్యం పోతే ఇంకొకటి వచ్చి ఆ చోట కూర్చునేది. ఇక్కడ ఆ చోటు ఖాళీగా ఉంది. ఖాళీ చూసి ఇంకేదో లోపలికి రాబోయేది. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి నీడలాగా, అదేమిటో చూడకుండానే ఆమెకి తెలిసేది. అది రాకముందే బ్రష్షు మళ్ళీ ముంచేది. అక్కర్లేని చోట కూడా ఇంకో పట్టు వేసేది. రెండో రోజు అలా జిగురు ఎక్కువై కొన్ని పుస్తకాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

మధ్యాహ్నం చిలక డబ్బా పట్టుకుని జిగురు గదికి వచ్చింది.

"నీ చోట మేస్త్రి మరదల్ని కూర్చోబెట్టాడు అత్తా. నంబరు మీద నంబరు పడదు, ఆమెకి ఎటు మడిస్తే అటే. చూళ్ళేక చస్తున్నాం." డబ్బా మూత తీసి ముందుకి తోసింది. "మేస్త్రితో మాట్లాడాను. నవలాయన మళ్ళీ వచ్చినప్పుడు ఏడ్చానండీ అని ఒక్కమాట చెప్పు. నీ కుర్చీ నీకిచ్చేస్తానన్నాడు."

"అప్పుడు లేదన్నాను కదా."

"తర్వాత ఇంటికెళ్ళి మళ్ళీ చదివాను, ఏడుపొచ్చింది అను. కథలకేం, ఆయన మాత్రం నిజాలు రాస్తున్నాడా?"

ఆమె అన్నం కలుపుతూ ఆలోచించింది. చెప్పకూడదనడానికి ఆమెకి కారణం కనిపించలేదు. ఒక్క మాట. దాని వెనక కిటికీ పక్క బల్ల, షీటుకో వాక్యం.

"సరే," అంది.

*

ఆ సాయంత్రం ఆడపడుచుతో చెప్పింది. ఆడపడుచు గిన్నెలు తోముతోంది. చెప్పిన మాట విని పడీపడీ నవ్వింది.

"నువ్వు ఏడవడమా? నీ మొహం చూసి ఆయన నమ్మాలిగా. ఇలా రా. ముందు ముక్కు ఎగబీల్చు. ఆ. ఇప్పుడు తల దించుకో. మాట సగంలో ఆపాలి. ఏడ్చానండీ అని పూర్తిగా అనకూడదు, ఏడ్చా అని ఆగిపోవాలి."

"ఏడ్చా," అంది ఆమె, తల దించుకుని.

"పంపు కట్టేసినట్టుంది. కొంచెం వణకాలి."

"ఏడ్చా."

"అదీ. అలా అయితే నమ్ముతాడు." ఆడపడుచు సబ్బు చేతులతోనే ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది. చూస్తూ చూస్తూ నవ్వడం ఆపేసింది. చేతులు దించి మళ్ళీ గిన్నె అందుకుంది. అదే గిన్నెని చాలాసేపు తోమింది.

"వచ్చే పనేగా వదినా ఇది నీకు," అంది చివరికి.

"ఏది?"

"ఇదే, ఏడ్చినట్టు కనబడటం. అన్నయ్య పోయిన రోజు ఇంటినిండా జనం. మా పెద్దమ్మ, వీధిలో వాళ్ళు, అన్నయ్యతో పనిచేసిన వాళ్ళు. అందరూ నిన్నే చూశారు. నువ్వేమో వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూ తిరిగావు. ఆ కోడలు చూడు, రాయి, అని మా పెద్దమ్మ అంటే నేనే పోట్లాడాను. ఏడుపు రాకపోతే ఎక్కణ్ణుంచి తెస్తుంది అన్నాను."

ఆమె గడ్డం మీది సబ్బు నురుగు కొంగుతో తుడుచుకుంది.

"కాగితం రాజుకి ఏడ్చానని చెప్తావా రేపు."

"అబద్ధమేగా, అమ్మాయ్."

"అబద్ధమే. మా అన్న కోసం ఆ అబద్ధమైనా ఆడలేదు నువ్వు."

ఆడపడుచు ఏడవలేదు. అది ఆమెకి కొత్తగా అనిపించింది. పంపు కింద నీళ్ళు పారుతూనే ఉన్నాయి. ఆమె వెళ్ళి పంపు కట్టేసింది.

*

నవలాయన వచ్చేసరికి షాపు ముందు గదిలో బల్ల వేసి కాపీలు పేర్చారు. కొత్త అట్టలు వేసిన పుస్తకాలు. అట్ట మీద రాణి బొమ్మ, మొహం నిండా నగలు. మేస్త్రి ఆమెని జిగురు గది నుంచి పిలిపించాడు. చేతులు కడుక్కుని వచ్చింది. జిగురు గోళ్ళ కింద ఇంకా ఉంది.

"ఈవిడేనండీ ఆ రోజు అలా అంది," అన్నాడు మేస్త్రి. "తర్వాత ఇంటికి వెళ్ళి మళ్ళీ చదివిందట. ఒకటే ఏడుపట."

ఆ మాట మేస్త్రే అనేశాడు. ఆమె ఇక ఏమీ చెప్పక్కర్లేదు. తల దించుకుని నిలబడితే చాలు. తలుపు చాటు నుంచి చిలక చూస్తోంది. తల దించు, దించు, అని చేత్తో చూపిస్తోంది.

నవలాయన కలం మూత తీసి ఆమె వంక చూశాడు. "అవునా అమ్మా?"

గది వెచ్చగా ఉంది. కొత్త కాగితం వాసన వేస్తోంది. ఆమెకి ఆ క్షణాన ధైర్యం లాంటిదేమీ రాలేదు. మేస్త్రి మీద కోపం కూడా రాలేదు. మాట ఆడబోతే నాలుక మీదికి రావాల్సిన మాట రాలేదు, అంతే. దాని చోట ఇంకో మాట ఉంది.

"నేను కాదండీ," అంది. "మా ఇంట్లో మా ఆడపడుచు ఏడ్చింది. నేను చదివితే తను ఏడ్చింది."

మేస్త్రి మొహం మాడింది. నవలాయన మాత్రం గట్టిగా నవ్వాడు. "ఇంటికి ఒకరు ఏడిస్తే చాలమ్మా. ఇద్దరూ ఏడిస్తే అన్నం ఎవరు వండుతారు?" పై కాపీ తీసుకున్నాడు. "మీ ఆడపడుచు పేరు చెప్పండి."

పేరు చెప్పింది. ఆయన పెద్ద అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టి, ఊది, ఆమె చేతికిచ్చాడు. ఆ రోజు తను అడిగిన ప్రశ్న ఆయనకి గుర్తు లేదు. ఆమె ఏడ్చిందో లేదో కూడా ఆయనకి పెద్ద పట్టింపు లేదని అప్పుడే తెలిసింది. ఆ కుర్చీ ఆయన తీయించలేదు, ఆయన ఇప్పించనూ లేడు. సంతకం కోసం వెనక వరసలో నిలబడ్డ మనిషి పుస్తకం పట్టుకుని ముందుకొచ్చాడు. ఆమె పక్కకి తప్పుకుంది.

"అయిపోయింది నీ పని," అన్నాడు మేస్త్రి, ఆయనకి వినపడకుండా. "జిగురు గదిలోనే ఉండు."

ఆమె జిగురు గదికి వెళ్ళి బ్రష్షు ముంచింది.

*

మర్నాడు సెలవు. మధ్యాహ్నం ఆడపడుచు మంచం మీద కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మొదటి పేజీ చూస్తోంది. చదువు రాదు. సిరా గీతల వెంట వేలు పోనిస్తోంది.

"ఇందులో నా పేరెక్కడ?"

ఆమె చూపించింది.

"నా పేరెందుకు రాశాడు?"

"నువ్వు ఏడ్చావని చెప్పాను."

"మరి నువ్వు?"

"ఏడవలేదని చెప్పాను."

ఆడపడుచు పుస్తకం మూసి పక్కన పెట్టింది. "కుర్చీ?"

"పోయింది."

కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. అది అందుకుంటుంది, ఆగిపోతుంది.

"ఆ రోజు ఏం చేశావు వదినా?" అంది ఆడపడుచు. "నేను వచ్చేలోపు. ఎప్పుడూ అడగలేదు నేను."

నవలాయన అడిగినప్పుడు దొరకనిది ఇప్పుడు చెయ్యి చాపితే అందేలా ఉంది. గుమ్మం దగ్గర నిలబడ్డది లోపలికి వచ్చేసింది. వచ్చాక చూస్తే అంత పెద్దది కూడా కాదు.

"మీ అన్నయ్య టీ పెట్టమన్నాడు. పెడుతున్నాను. బెంచీ మీద కూర్చుని గోడకి ఆనుకున్నాడు. పంచదార ఎంత అని అడిగితే పలకలేదు. వెళ్ళి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. మణికట్టు పట్టుకుని చూశాను. అప్పటికే అయిపోయింది."

"ఊఁ."

"స్టవ్ కట్టేశాను. తర్వాత బాల్కనీలోకి వెళ్ళి తీగ మీద బట్టలు తీశాను."

"బట్టలా?"

"పొద్దున ఉతికినవి. అన్నీ తెచ్చి మంచం మీద వేసి మడిచాను. నీ చీర, నా చీర, తువ్వాళ్ళు. మీ అన్నయ్య చొక్కా ఒకటి. అది ఇంకా తడిగానే ఉంది. కాలరు దగ్గరా, జేబు దగ్గరా తడి. చేతికి తెలుస్తూనే ఉంది. అయినా మడిచాను. అంచుకి అంచు పెట్టి, మడత మీద అరచెయ్యి వేసి నొక్కాను. అన్నీ బీరువాలో పెట్టాను. అప్పుడు కిందకి దిగి నీకు ఫోన్ చేయించాను."

ఆడపడుచు ఆమె వైపే చూస్తోంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"మడిచాక పిలిచావు."

"ఆఁ. మడిచాక."

"ఆ చొక్కా ఏమైంది?"

"అలాగే ఉంది. అడుగు అరలో."

"తడిదా?"

"అప్పుడు తడిది."

ఆడపడుచు లేచి బీరువా తెరిచింది. అడుగు అర దగ్గర కూర్చుని, పైన ఉన్నవి పక్కకి తీసి, చొక్కా బయటికి లాగింది. నీలం చొక్కా. మడత మడతలాగే ఉంది. మడతల వెంట నల్లటి బూజు మచ్చలు. వాసన గదంతా వచ్చింది. విప్పబోతే అతుక్కున్న చోట చిన్నగా చప్పుడైంది. ఆడపడుచు దాన్ని మొహం దగ్గర పెట్టుకుంటుందేమో అనుకుంది ఆమె. పెట్టుకోలేదు.

"ఉతుకుదామా?" అంది.

"ఉతుకుదాం."

బకెట్లో నీళ్ళు పట్టి సబ్బు వేసి నానబెట్టారు. ఆడపడుచు కాలరు రుద్దింది, ఆమె జేబు రుద్దింది. కొన్ని మచ్చలు పోయాయి, కొన్ని పోలేదు. జాడించి, చెరో కొస పట్టుకుని ఇద్దరూ ఎదురెదురు దిక్కులకి మెలితిప్పారు. ఆడపడుచు చెయ్యి బలమైనది, తన వైపు కొస జారిపోతుంటే ఆమె గట్టిగా పట్టుకుంది. నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. దులిపి, భుజాల దగ్గర పట్టుకుని తీగ మీద వేశారు.

"ఈసారి ఆరేదాకా ఉండాలి," అంది ఆడపడుచు.

బాల్కనీలో గోడకి ఆనుకుని ఇద్దరూ కింద కూర్చున్నారు. చొక్కా నుంచి నీళ్ళు మొదట ధారగా, తర్వాత చుక్కలుగా పడ్డాయి. ఎండ గోడ మీద నుంచి మెల్లగా అవతలికి జరుగుతోంది. ఆడపడుచు టీ పెట్టుకొస్తానంది గానీ లేవలేదు. ఒకసారి ఆమె లేచి వెళ్ళి కాలరు వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. ఆరలేదు. వచ్చి మళ్ళీ కూర్చుంది.

*

నిదానం. వయసు యాభై ఎనిమిది. మేడ మీది రెండు గదుల్లో ఆడపడుచుతో ఉంటున్నాను.